షహజాది బేగం ముప్పై ఆరు చీటీలు

పిల్లలకని వచ్చిన పిండి బర్రెకు పెడుతున్నావని షహజాది బేగంను పదకొండు మంది ఎదుట అన్నారు. ఆ పదకొండు మందీ ఆమెలాంటి అంగన్‌వాడీ టీచర్లే. శామీర్‌పేట చుట్టూ పన్నెండు ఊళ్ళకు పన్నెండు కేంద్రాలు, నెలకొకసారి ఏదో ఒక ఊళ్ళో మీటింగు. 1997 ఆగస్టు మీటింగు ఆమె సొంత ఊరు నర్సంగూడ పంచాయతీ గదిలోనే పడింది. పరువు పోయేది ఎలాగూ పోతుంది, పరాయి ఊళ్ళోనైనా పోలేదు.

సూపర్‌వైజర్ పార్వతీదేవి గోడకు ఒక చార్టు తగిలించింది. మూడేళ్ళు నిండి నాలుగు నిండని పిల్లల బరువు, పన్నెండు ఊళ్ళ సగటు, పన్నెండు కిలోల ఆరు వందల గ్రాములు. నర్సంగూడ ఒక్కదాని సగటు పదకొండు కిలోల తొమ్మిది వందలు.

"ఏడు వందల గ్రాములు తక్కువమ్మా," అంది పార్వతీదేవి. "అందరికీ ఒకటే పిండి, ఒకటే నూనె. మీ ఊరి పిల్లలే ఎందుకు చిక్కిపోతున్నారు?"

"నాకు తెల్వదు మేడమ్. నేనైతే రోజూ పెడుతున్న."

"పెడుతున్నావు, సరే. ఎవరికి పెడుతున్నావు? మీ ఇంట్లో బర్రె మాత్రం నిగనిగలాడుతోందట కదా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పోచంకుంట టీచరు దుర్గాబాయి మాత్రం నవ్వలేదు. షహజాదికి ఆమె పదేళ్ళ స్నేహితురాలు, ఒకే బస్సులో వచ్చి ఒకే డబ్బాలో తినే మనిషి. ఆమె తల దించుకుని కొంగు అంచును వేళ్ళతో సరిచేసుకుంటూ కూర్చుంది. ఆ నవ్వులకన్నా ఈ తల దించుకోవడమే షహజాదికి ఎక్కువ గుచ్చుకుంది.

విచారణ లేదు. బస్తాలు లెక్కపెట్టిన వాళ్ళు లేరు. ఆ బర్రె తినే గడ్డి, తవుడు ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగిన వాళ్ళూ లేరు. పిండి గది తాళంచెవి మాత్రం షహజాది చేతిలోంచి తీసుకుని సర్పంచ్ గౌరయ్య చేతిలో పెట్టారు. ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున గౌరయ్య గడప ముందు నిలబడి తాళంచెవి అడగాలి, మధ్యాహ్నం మళ్ళీ తెచ్చి ఇవ్వాలి. గౌరయ్య స్నానంలో ఉంటే ఆగాలి. ఆయన ఊళ్ళో లేకపోతే, చెవి ఎక్కడ పెట్టిపోయాడో ఆయన భార్య వజ్రమ్మ వెతికేదాకా ఆగాలి. అక్కడ కేంద్రం అరుగు మీద పిల్లలు గిన్నెలు మోగిస్తూ ఉండేవారు.

"ఏం శాజాదీ, గీ పొద్దుగాల్నే వస్తివి?" అనేది వజ్రమ్మ, ఆమె ఎందుకొచ్చిందో తెలియనట్టు.

"తాళంచెవి కోసమమ్మా."

"అగో, మర్సిపోయిన. జర కూసో. మా బర్రెను పిండినంక ఇస్త."

బర్రె అనే మాటను ఆమె కొంచెం నొక్కి పలికేది. ఊరంతా అలాగే పలికేది. నీళ్ళ ట్యాంకు దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎవరి బర్రె సంగతి వచ్చినా ఒకసారి షహజాది వైపు చూసి మాట్లాడేవారు. ఆ చూపు పోవాలి, తాళంచెవి తిరిగి రావాలి. ఆమెకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఆ రెండింటి కోసం ఎంత తిరగాల్సి వచ్చిందో తలుచుకుంటే, వినేవాళ్ళకే విసుగు పుడుతుంది.

షహజాది పదో తరగతి మేడ్చల్‌లో చదివింది. ఆ తర్వాత చదివిందంతా తమ్ముడి దుకాణంలోనే. తమ్ముడు షఫీయుద్దీన్‌ది మేడ్చల్ మార్కెట్లో పాత కాగితాల వ్యాపారం. కిలోల లెక్కన వచ్చి పడే వారపత్రికలు, గైడ్లు, హోమియో వైద్యం పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఏది చేతికి తగిలితే అది చదివేది. భర్త లారీ మీద పోతే పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. చదువుకోవడానికి కావలసినంత తీరిక, అడిగేవాళ్ళు లేని ఇల్లు.

సెప్టెంబరులో ఒక ఆదివారం దుకాణానికి వెళ్ళి, "షఫీ, సరాసరి మీద ఏమన్న బుక్కు ఉందారా?" అని అడిగింది.

"సరాసరి మీద బుక్కేంది ఆపా? మొత్తం కూడు, మందితోని భాగించు. ఖేల్ ఖతం."

"గంతే అయితే మరి నన్ను దొంగ ఎట్ల అన్నరు?"

షఫీ లేచాడు. కాలేజీ పుస్తకాల గుట్ట మీదికెక్కి, అట్ట ఊడిపోయిన డిగ్రీ సాంఖ్యక శాస్త్రం పుస్తకం ఒకటి లాగి, దుమ్ము దులిపి ఇచ్చాడు. "తీస్కో. గిది చదివి పాసైనోడు ఎవ్వడూ నా దుకాన్‌కు రాలేదు. ఫెయిలైనోళ్ళే అమ్మిన్రు."

మూడు వారాలు ఆమె ఆ పుస్తకంతో గుద్దులాడింది. తెలుగులోనే ఉంది, కాని అది ఎవరూ మాట్లాడని తెలుగు. విచలనం, ప్రతిచయనం, సార్థకత స్థాయి. రాసినవాడికి తన భార్యతోనైనా మాటలుండేవా అనిపించింది ఆమెకు. చివరికి పరికల్పన పరీక్ష అనే అధ్యాయం దగ్గర ఆగింది. నాలుగుసార్లు చదివాక తనకు అర్థమయ్యే మాటల్లో రాసుకుంది:

ఈ గుంపు సగటు ఇంత అని ఎవరో ఒకరు అంటారు. సరే, అది నిజమే అనుకుందాం. నిజమైతే, ఆ గుంపులోంచి కళ్ళు మూసుకుని తీసిన కొద్దిమంది సగటు దానికి దగ్గర్లోనే రావాలి. అచ్చంగా అంతే రాదు, కొంత అటూ ఇటూ అవుతుంది. ఎంత అటూ ఇటూ కావచ్చో దానికి ఒక హద్దు ఉంది. పిల్లలు ఒకరికొకరు ఎంత తేడాగా ఉన్నారు, ఎంతమందిని తీశాం, ఈ రెండింటినిబట్టి హద్దు వస్తుంది. హద్దు లోపలైతే అది ఊరికే వచ్చిన తేడా. హద్దు దాటితే, ఆ అన్న మాటను ఇక నమ్మడానికి లేదు.

చదివినకొద్దీ ఆమెకు మండింది. కొంచెం తక్కువ రావడం ఊరికే కూడా జరగొచ్చని తను పుట్టకముందే ఎవరో లెక్కగట్టి పెట్టారు. పార్వతీదేవి డిగ్రీ చదివింది. ఒక్క రోజు కూర్చుని ఈ లెక్క వేసి ఆ తర్వాత నోరు తెరిస్తే ఏం పోయేది?

హద్దు తెలియాలంటే పుస్తకం చివర పట్టిక చూడాలని ఉంది. చివరి పేజీలు లేవు. మార్కెట్ మూల బండివాడు బజ్జీల పొట్లాలకు చించుకుపోయాడు. ఇంకో పుస్తకం దొరకడానికి మరో రెండు వారాలు పట్టింది. ఈసారి పట్టిక ఉంది, ముందు సగం లేదు.

అప్పుడు లెక్కకు కూర్చుంది. ఊళ్ళో మూడేళ్ళ పిల్లలు పాతికమంది బరువులు, ఒక్కొక్కదానికీ సగటుతో తేడా, ఆ తేడాను దానితోనే హెచ్చించడం, అన్నీ కూడడం. ఎరువుల దుకాణం ఓదెలు దగ్గర క్యాలిక్యులేటర్ ఉంది. అక్కడే బస్తా మీద కూర్చుని కొట్టింది.

"టీచరమ్మా, నువ్వు యూరియా కొనేది లేదు, నా మిషన్ గుండీలు అరగగొడుతున్నవ్," అన్నాడు ఓదెలు. "ఏం లెక్క గది? పిండి లెక్కనా?"

"మా పిల్లల లెక్క."

"పిల్లల్ని గుణిస్తార్రా ఎక్కడన్న!" అని పక్కవాడికి కన్నుగీటాడు.

హద్దు ఐదు వందల ఎనభై గ్రాములు వచ్చింది. నర్సంగూడ పిల్లలు తగ్గింది ఏడు వందలు.

హద్దు దాటింది. తనను కడిగేస్తుందనుకున్న లెక్క పార్వతీదేవి వైపే మాట్లాడింది. ఊరికే వచ్చిన తేడా కాదు, మీ ఊళ్ళో ఏదో ఉంది అంది. షహజాది మూడుసార్లు మళ్ళీ వేసింది. ఒకసారి ఐదు వందల ఎనభై ఒకటి వచ్చింది, అంతే.

ఆ వారమంతా ఆమె ఆలోచన ఒక చెడ్డ దారిన పోయింది. తను తియ్యలేదు. మరి పిండి గదిలోకి పోయే ఇంకో మనిషి ఎవరు? ఆయా శంకరమ్మ. పిండి కలిపేది, వండేది, గిన్నెలు కడిగేది శంకరమ్మే. షహజాది ఆమె చేతులకేసి చూడడం మొదలుపెట్టింది. ఎన్ని గరిటెలు వేస్తోంది, ఇంటికి పోయేటప్పుడు కొంగు ఎంత ఉబ్బుగా ఉంది. శంకరమ్మ ఆరు రోజులు ఊరుకుంది. ఏడో రోజు గిన్నె కింద పెట్టి, అందరి ముందూ కొంగు విప్పి దులిపింది. రెండు తమలపాకులు, ఒక సున్నం డబ్బా కింద పడ్డాయి.

"సూస్కో టీచరమ్మా. చీర గూడ ఇప్పాల్నా? నిన్ను మేడమ్ అన్నది, నువ్వు నన్ను అంటున్నవ్. నేనెవర్ని అనాలె, గీ పోరగాండ్లనా?"

షహజాది వంగింది. ఆ తమలపాకులు ఏరి ఇచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా అంకెను చూస్తే ఏమవుతుందో తన మీద జరిగినప్పుడు తెలిసింది, ఇప్పుడు తను చేసినప్పుడు ఇంకా బాగా తెలిసింది. తేడా ఉందని లెక్క చెప్పింది. ఎందుకుందో లెక్క చెప్పలేదు. ఆ ఎందుకును పార్వతీదేవి తన నోటితో కలిపింది, తను తన కళ్ళతో కలిపింది.

డిసెంబరులో పోలియో చుక్కల ఆదివారం షహజాదికి పోచంకుంటలో డ్యూటీ వేశారు. దుర్గాబాయి కేంద్రంలోనే బల్ల. మధ్యాహ్నానికి పిల్లల రాక తగ్గింది. షహజాది తలెత్తి చూస్తే ఎదురుగా వాసానికి గడియారం కాంటా వేలాడుతోంది. గడియారంలాంటి గుండ్రటి ముఖం, ఒక ముల్లు, కింద పిల్లల్ని కూర్చోబెట్టే జోలె. జోలెలో పిల్లలెవరూ లేరు. ముల్లు మాత్రం ఆరు వందల గ్రాముల మీద ఉంది.

ఆమె లేచి దగ్గరికి వెళ్ళింది. ఆఫీసు ఇచ్చిన పల్చటి జోలెలు అన్ని ఊళ్ళలోనూ రెండో ఏడాదికే చినిగిపోయాయి; దుర్గాబాయి గోనెసంచిని రెండు మడతలు వేసి, నోటి దగ్గర ఇనపచువ్వ పెట్టి కుట్టించింది. గట్టిగానే ఉంది. బరువుగా కూడా ఉంది.

"దుర్గా, ముల్లు సున్నా మీదికి తిప్పవా?"

"ఎట్ల తిప్పుత? పైన మర ముట్టుకోవద్దని మేడమ్ చెప్పింది కదా. మర తిప్పి తిప్పి రెండు కాంటాలు ఖరాబైనయట. ఇగ ఎవరన్న ముట్టుకుంటే కొత్తది రాదు, మీరే కొనుక్కోవాలె అన్నది."

"ఎప్పుడన్నది?"

"పోయిన ఏడాది ఎండకాలం మీటింగుల. నువ్వు రాలే గదా. మీ అమ్మ పోయి నలభై రోజులైతుంటే నువ్వు ఇంటికాడ్నే ఉంటివి."

షహజాది జోలె పట్టుకుని అలాగే నిలబడింది. నర్సంగూడలో గోనె లేదు, ఆమె తల్లి పాత చీర చింపి కుట్టిన జోలె. అదైనా సరే, ప్రతి పిల్లవాడికీ ముందు మర తిప్పి ముల్లును సున్నా మీద నిలబెట్టేది. ట్రైనింగులో అలాగే నేర్పారు. ఆ మీటింగుకు పోయినవాళ్ళంతా మేడమ్ మాట విని తిప్పడం మానేశారు. పోనిదాని పిల్లలు చిక్కిపోయినట్టు తేలారు.

"అంటే మీ పిల్లల్ల గోనెసంచి గూడ ఉన్నది," అంది.

దుర్గాబాయి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "నేను తప్పు రాసిననా? ముల్లు ఏడ ఆగితే గాడ రాసిన. నువ్వు గిది పోయి జెప్పకు శాజాదీ. నా నౌకరి పోతది."

చెప్పకుండా ఎలా ఉంటుంది? జనవరి మొదట్లో మేడ్చల్ ఆఫీసుకు వెళ్ళి, ఊరి పేరు ఎత్తకుండా సంగతి చెప్పింది. పార్వతీదేవి ఫైలు మూయలేదు.

"ఎక్కడో ఒకచోట జోలె బరువుంటే పన్నెండు ఊళ్ళకూ అంటగడతావా? మిగతావన్నీ నేను చూశాను. బాగానే ఉన్నాయి. ముందు నీ సంగతి చూసుకో."

పోయి మిగతా పదిచోట్లా కాంటాలు చూద్దామంటే ఏ టీచరూ తలుపు తీయలేదు. ఒకామెకు తలనొప్పి, ఒకామెకు తాళంచెవి దొరకలేదు. మేడమ్ వద్దని చెప్పిందని మూడో ఆమె నిజం చెప్పింది.

అప్పుడు షహజాది మళ్ళీ పుస్తకం తీసింది. కాంటాలు చూడనివ్వకపోతే పిల్లల్నే తూచాలి. మూడేళ్ళ పిల్లలు మిగతా పదకొండు ఊళ్ళలో రెండు వందల డెబ్బై మంది. పోలియో రిజిస్టర్లలో ఇంటింటి పేర్లున్నాయి, వాటిని రాసుకొచ్చింది. అందర్నీ తూచడానికి సెలవులు చాలవు. ముప్పై ఆరు మంది చాలు, కాని ఆ ముప్పై ఆరుగురినీ తను ఎంచుకోకూడదు, వాళ్ళకై వాళ్ళు రాకూడదు. ఒక్కొక్క పేరూ ఒక చీటీ మీద రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేసి, శంకరమ్మను తియ్యమంది.

"నన్ను నమ్ముతవా?" అంది శంకరమ్మ.

"కండ్లు మూస్కొని తియ్యి. నా కన్న నిన్నే నమ్ముత."

శంకరమ్మ ముప్పై ఆరు చీటీలు తీసింది. ఒక్కొక్కటి తీసి, "గిది దొంగ, గిది దొర," అని వేళాకోళం చేస్తూ తీసింది. వాళ్ళిద్దరి మధ్య పొరపొచ్చం ఆ రోజుతో పోయింది.

ఆదివారాలు, రెండో శనివారాలు, సంకకు వేలాడే సంచిలో కాంటా, అమ్మ చీర జోలె. బస్సులో కండక్టర్లు లగేజీ టికెట్ కొట్టబోయారు. ఇళ్ళల్లో ముసలివాళ్ళు దిష్టి తగులుతుందని పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. తూముకుంట దాటాక ఒక ఊళ్ళో ఒక తల్లి గడపలో నిలబడి, "నెలనెలా తూకం ఏస్తనే ఉన్నరు. ధర ఎప్పుడు జెప్తరు టీచరమ్మా? మంచి ధర వస్తే తీస్కపోండ్రి వీణ్ణి," అంది. జోలెలో ఆ పిల్లవాడు తల్లి మాటలకు నవ్వి, షహజాది కొంగు మీద ఉచ్చపోశాడు. పోశాక మళ్ళీ తూచింది.

ముప్పై నాలుగు చీటీలు నెలరోజుల్లో అయిపోయాయి. ముప్పై అయిదోదీ ఎలాగో దొరికింది. ముప్పై ఆరో చీటీ మీద ధరణి అని ఉంది, పోచంకుంట పిల్ల. మూడుసార్లు పోయినా ఇల్లు తాళం. వాళ్ళమ్మ దూలపల్లిలో ఏదో ప్లాస్టిక్ డబ్బాల షెడ్డులో పనికి కుదిరిందని, పిల్లను కూడా తీసుకుపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

"పక్కింట్ల గదే ఈడు పిల్ల ఉన్నది," అంది దుర్గాబాయి. భయపడుతూనే ఆమె ఊళ్ళో దారి చూపించడానికి మాత్రం వచ్చేది. "ఆమెను తూకం ఏసి రాసెయ్. ఎవరు సూస్తరు?"

"ఎవరు సూడరు. గందుకే ఏస్త లేను."

"పిచ్చి పట్టింది నీకు. ఒక్క పిల్ల కోసం దూలపల్లి పోతవా?"

"కేంద్రానికి రాని పిల్లలే చిక్కుంటరు దుర్గా. దొరికినోళ్ళనే తూకం ఏస్తే మేడమ్ లెక్కకూ నా లెక్కకూ ఫరక్ ఏముంటది? లావుంటే లావు రాస్త, చిక్కుంటే చిక్కు రాస్త. చీటీ మీద ఎవరుంటే వాళ్ళే."

దూలపల్లిలో ఆరు షెడ్లు అడిగింది. ఏడో షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ కాంటాను చూసి, ఈ షెడ్డులో తూకాల తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని సలాం కొట్టి లోపలికి పంపాడు. ఇన్నేళ్ళు టీచరుగా చేసినా ఏ ఆఫీసులోనూ దక్కని మర్యాద అది. ధరణి అట్టపెట్టెల మధ్య కూర్చుని డబ్బా మూతలతో ఆడుకుంటోంది. గేటు కొక్కానికి కాంటా తగిలించి, మర తిప్పి, ముల్లు సున్నాకు వచ్చాక జోలెలో కూర్చోబెట్టింది. పన్నెండు కిలోల మూడు వందలు. షహజాది అనుకున్నదానికన్నా బరువే ఉంది ఆ పిల్ల. ఉన్నదున్నట్టు రాసుకుంది.

ముప్పై ఆరు మంది సగటు సరిగ్గా పన్నెండు కిలోలు. హద్దు అర్ధకిలో వచ్చింది. ఆఫీసు సగటు జనవరిలో కూడా ఆ పన్నెండు కిలోల ఆరు వందలే. తేడా ఆరు వందలు, హద్దుకు అవతల. పన్నెండున్నర పైన అన్న మాట నిలవదు. నర్సంగూడ పదకొండు తొమ్మిది వందలకు, దీనికి తేడా వంద గ్రాములు, ఒక గ్లాసు నీళ్ళంత కూడా లేదు. ఆమె పిల్లలు అందరి పిల్లల్లాంటివాళ్ళే. మిగతా పదకొండు ఊళ్ళలోనే గోనెసంచి కూడా పిల్లల్లో కలిసి పెరుగుతోంది.

మార్చిలో ఆ కాగితాలు తీసుకుని పెద్దాఫీసరు ముందు నిలబడింది. పార్వతీదేవి పక్క కుర్చీలో ఉంది. ఆఫీసరు మొదటి పేజీ చూసి, రెండో పేజీ తిప్పి, నవ్వాడు.

"ఇదేంటమ్మా, డిగ్రీ పరీక్షకు కూర్చుంటున్నావా? ముప్పై ఆరు మందిని తూచి మూడొందల మంది గురించి చెప్తావా?"

"మా ఒక్క ఊరు సూసి నన్ను దొంగ అన్నరు గద సార్. నేను పదకొండు ఊర్లు తిరిగిన. ముప్పై ఆరు తక్కువ అంటే ఎంత కావాల్నో గది గూడ బుక్కుల ఉన్నది, సూపిస్త."

ఆఫీసరు నవ్వు ఆపాడు. "చార్టులో లెక్క పైకి పోయింది. పైనుంచి మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు తప్పంటే ఎలా?"

"పిల్లలు గట్లనే చిక్కుంటే ఎట్ల సార్?"

పార్వతీదేవి అంతసేపూ బల్ల మీద అద్దం కింద ఉన్న క్యాలెండర్‌ను చూస్తూ కూర్చుంది. మర ముట్టుకోవద్దని తనే చెప్పానని అనలేదు, చెప్పలేదనీ అనలేదు.

ఏప్రిల్లో సర్కులర్ వచ్చింది. పిల్లల్ని తూచే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో విధిగా చూడవలెను. ఎందుకు చూడవలెనో లేదు, ఎవరు చెప్పగా చూడవలెనో అసలే లేదు. ఆ నెల పదకొండు ఊళ్ళలోనూ బరువులు ఆరేసి వందల గ్రాములు పడిపోయాయి. మే నెలలో పన్నెండు మందికీ మెమోలు వచ్చాయి: మీ కేంద్రంలో పిల్లల బరువు ఒక్కసారిగా ఎందుకు తగ్గిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. నర్సంగూడలో ఒక్క గ్రాము తగ్గలేదు. అయినా నర్సంగూడకూ మెమో వచ్చింది.

ఆ నెల మీటింగులో తొమ్మిది మంది షహజాదితో మాట్లాడలేదు. "నీ పుస్తకం సల్లగుండ," అని ఒకామె చేతులెత్తి దండం పెట్టింది. "నువ్వు దొంగవైతే నువ్వొక్కదానివే అయితుంటివి. ఇప్పుడు మమ్ముల అందర్ని జేసినవ్."

తాళంచెవి జూన్‌లో తిరిగి వచ్చింది. దానికి కాగితం లేదు, మాట లేదు. వజ్రమ్మే ఒకరోజు కేంద్రం దాకా వచ్చి అరుగు మీద పెట్టిపోయింది. "రోజు పొద్దుగాల నీకు తాళం ఇచ్చుడు మాకు పరేషాన్ అయితాంది. నీ దగ్గర్నే పెట్టుకో." షహజాది దాన్ని కొంగుకు ముడివేసుకుని, లోపలికి పోయి, పిండి గది మూలన కూర్చుని కాసేపు ఏడ్చింది. శంకరమ్మ పిల్లలకు వడ్డిస్తూ, ఇంకెవరినీ లోపలికి రానివ్వలేదు.

తాళంచెవి వచ్చింది, కాని ఆ చూపు పోలేదు. ఎనిమిదేళ్ళలో ఆ పదకొండు మందిలో నలుగురు రిటైరయ్యారు, ఇద్దరు పోయారు. బర్రె మాట మాత్రం ఊళ్ళో పాతపడి వేళాకోళంగా మిగిలింది. బర్రె కూడా పోయింది. షహజాది అదే కేంద్రంలో, అదే కాంటాతో, నెలనెలా పిల్లల్ని తూచుతూ ఉండిపోయింది. ఎవరైనా కొత్త టీచరు వస్తే, మొదటి రోజు ఖాళీ జోలెను చూపించి, ముల్లు ఎక్కడుందో అడిగేది.

2006 జనవరిలో పోలియో ఆదివారం నాడు ఆమె బల్ల మేడ్చల్ బస్టాండులో పడింది. పదకొండు గంటలకు ఒక ఆటోలోంచి పార్వతీదేవి దిగింది. రిటైరై రెండేళ్ళు. కొంపల్లిలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారట. చేతిలో మనవరాలు హర్షిత, రెండేళ్ళ పిల్ల. జుట్టు తెల్లబడింది, నడక నెమ్మదైంది. బల్ల దాకా వచ్చాకగానీ అక్కడ కూర్చున్నది ఎవరో ఆమె చూడలేదు. చూశాక వెనక్కి పోవడానికి వీల్లేదు.

షహజాది పిల్ల నోట్లో రెండు చుక్కలు వేసి, చిటికెన వేలి గోరుకు సిరా గుర్తు పెట్టింది. పిల్ల ఏడవలేదు.

"బాగున్నావా షహజాదీ?" అంది పార్వతీదేవి.

"బాగున్న మేడమ్. పాప మంచిగున్నది."

పార్వతీదేవి వెళ్ళలేదు. వెనక ఇంకెవరూ లేరు. కొంచెం వంగి, గొంతు తగ్గించి చెప్పింది. "పోచంకుంటలో నేనూ చూశానమ్మా ఆ ముల్లును. నిన్ను అన్న ఆ మీటింగుకు ముందే చూశాను. మర తిప్పొద్దని చెప్పింది నేనే కదా, పైకి లెక్క వెళ్ళిపోయింది కదా అని... నీ మీదికి తోసేశాను. నువ్వు తియ్యలేదని నాకు తెలుసు. అప్పుడే తెలుసు. ఎనిమిదేళ్ళ నుంచి నీకు చెప్పాలనుకుంటున్నాను."

షహజాది చుక్కల సీసాకు మూత పెట్టింది. మంచు పెట్టెలో పెట్టి, పెట్టె మూత కూడా నొక్కింది. ఆ తర్వాత తలెత్తి చూసింది.

"నేను తియ్యలేదని నాకు తెల్సు మేడమ్, నాకు చెప్పి ఏం లాభం? మీరు పదకొండు మంది ముంగట అన్నరు. ఇద్దరు పోయిన్రు, తొమ్మిది మంది ఉన్నరు. దుర్గాబాయి గా టికెట్ల ఖిడ్కీ కాడ బల్లేసుకొని కూసున్నది. జర ఆడికెల్లి షురూ జెయ్యున్రి."